మన అణువులు బొమ్మల్లోనే ఉండిపోకూడదు: సీఎస్ఐఆర్‌కు బహిరంగ లేఖ

సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ గారికి,

మీ సంస్థ, అంటే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, 1942లో పుట్టింది. అప్పటి నుంచి మీ ప్రయోగశాలల్లోనూ పత్రికల్లోనూ పోగైన రసాయనశాస్త్రం ఈ దేశ ప్రజల పన్నుల సొమ్ముతో నిలబడిన ఆస్తి. అందులోని పాత భాగం ఇవాళ స్కాన్ చేసిన పేజీలుగానే మిగిలింది. మనిషి దాన్ని చదువుకోగలడు, కంప్యూటర్ చదవలేదు. అక్కడ ఉన్న అణు నిర్మాణాల బొమ్మలను కంప్యూటర్‌కు అర్థమయ్యే సమాచారంగా మార్చే సాధనాలు ఇప్పుడు సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా దొరుకుతున్నాయి. మీ సంస్థ ఆ పనికి పూనుకోవాలనీ, దాన్ని ఓపెన్ సోర్స్ సాధనాలతోనే అందరి కళ్లెదుటా చేయాలనీ, ఫలితాన్ని అందరికీ పంచాలనీ అడగడానికే ఈ లేఖ.

ఇబ్బంది ఎక్కడుందో ముందు చెప్పాలి. రసాయనశాస్త్రజ్ఞులు అణువు గురించి మాటల్లో కంటే బొమ్మల్లోనే ఎక్కువ చెబుతారు. లోపల గీతలున్న ఒక షడ్భుజి, దాని మూల నుంచి ఒక గీత, గీత చివర ఓహెచ్ అని ఉంటే, ఇంటర్ చదివిన పిల్లవాడు కూడా అది ఫినాల్ అనేస్తాడు. కంప్యూటర్‌కు మాత్రం అది తెల్ల కాగితం మీది నల్లటి చుక్కల గుంపు. దానికి అణువు అర్థం కావాలంటే ఏ పరమాణువు దేనితో ఎన్ని బంధాలతో కలిసిందో చెప్పే పట్టిక కావాలి. మోల్ ఫైలు అంటే ఆ పట్టికే. డేవిడ్ వైనింగర్ 1980లలో రూపొందించిన స్మైల్స్ పద్ధతి అదే సంగతిని ఒక వరుస అక్షరాల్లో చెబుతుంది. ఇథనాల్ అందులో సి, సి, ఓ అనే మూడక్షరాలు, అంతే. రసాయనశాస్త్రపు అంతర్జాతీయ సంఘం ఐయూపాక్ 2005లో తెచ్చిన ఇంచీ పద్ధతి ప్రతి అణువుకూ ఒక ప్రామాణిక గుర్తింపు ఇస్తుంది, దాని కుదించిన రూపంలో ఉండేది 27 అక్షరాలు. వీటిలో ఏదో ఒకటి ఉంటేనే ఒక నిర్మాణం ఇదివరకు ఎక్కడైనా వచ్చిందా, దానికి దగ్గరి అణువులేవి అని వెతకడం సాధ్యం. బొమ్మ మాత్రమే ఉంటే ఆ అణువు ప్రచురితమై ఉండి కూడా లేనట్టే లెక్క.

ఒక్క ఉదాహరణ చూడండి. టి.ఆర్. శేషాద్రి 1934లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, 1949లో ఢిల్లీకి వెళ్లేదాకా అక్కడి రసాయనశాస్త్ర విభాగాన్ని నడిపారు. పత్తి పూలలో, గోగు జాతి పూలలో ఉండే రంగు పదార్థాలను విడదీసి, వాటి నిర్మాణాలు తేల్చే పని అక్కడ ఆయన, ఆయన శిష్యులు ఏళ్ల తరబడి చేశారు. ఆ పత్రాలు చాలావరకు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో వచ్చాయి. అకాడమీ వాటిని స్కాన్ చేసి ఉచితంగా అందుబాటులో పెట్టింది, అది మెచ్చుకోవలసిన పని. మీ సంస్థ 1963 నుంచి వెలువరిస్తున్న ఇండియన్ జర్నల్ ఆఫ్ కెమిస్ట్రీ కూడా మీ డిజిటల్ భాండాగారంలో ఎవరైనా చదువుకోవచ్చు. అయినా ఒక విద్యార్థి కొత్తగా ఫ్లేవనాయిడ్ అనే అలాంటి ఒక రంగు పదార్థాన్ని విడదీసి, దీని చుట్టాలను మన దేశంలో ఎవరైనా ఇదివరకు చూశారా అని తెలుసుకోవాలంటే ఆ పేజీలన్నీ కళ్లతో తిరగేయాల్సిందే. నిర్మాణాన్ని తెర మీద గీసి వెతికే వీలు అక్కడ లేదు.

ఈ లోటు మనిషి శ్రమగా ఎంత ఖరీదవుతుందో చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్ పరిశోధకులు తయారుచేసిన ఇంపాట్ డేటాబేస్ చూస్తే తెలుస్తుంది. మన ఔషధ మొక్కల రసాయనాలను పుస్తకాల్లోంచీ పత్రాల్లోంచీ మనుషులు చదివి, సరిచూసి ఎక్కించిన కోశం అది. 2018లో వచ్చిన మొదటి రూపంలో 1742 మొక్కలు, 9596 రసాయనాలు ఉన్నాయి. రెండో రూపానికి అవి 4010 మొక్కలు, 17,967 రసాయనాలు అయ్యాయి. ఎంతో విలువైన పని. కానీ చదివి ఎక్కించే భారమంతా ఒక చిన్న బృందం మీద పడితే, ఆ వేగంతో విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాల దాకా ఎప్పటికి చేరతాం? ఆ గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో ఇప్పటికే లక్షల గ్రంథాలున్నాయి. వాటిలోని రసాయనశాస్త్ర గ్రంథాల్లో ఎన్ని అణువులు పత్రికల ముఖం చూడకుండా ఆగిపోయాయో ఎవరికీ లెక్క తెలియదు. బొమ్మను చదివే సాధనం ఉంటేనే ఆ లెక్కయినా మొదలవుతుంది.

ఈ సాధనాలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1992లో కెకులే, 1993లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయం నుంచి క్లైడ్ వచ్చాయి. అయితే వాటి లోపలి పనితనం బయటివారికి తెరిచి ఉండేది కాదు. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఇగోర్ ఫిలిప్పోవ్, మార్క్ నిక్లాస్ తయారుచేసిన ఓస్రాతో ఆ తలుపు తెరుచుకుంది. దాన్ని వివరించే పత్రం 2009లో వెలువడింది. ఓస్రా పనిచేసే తీరు తర్కబద్ధంగా ఉంటుంది. బొమ్మను నలుపు తెలుపులుగా విడగొట్టి, గీతలను సన్నబరిచి, ఏది బంధమో ఏది అక్షరమో వేరు చేసి, గీతలు కలిసే చోట అక్షరం లేకపోతే కార్బన్ ఉందని ఊహించి, చివరికి పట్టిక కడుతుంది. నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి ఉంది. ఓస్రా తన పని అంతా తానే చేసుకోలేదు. గీతలను ఆకారాలుగా మార్చడానికి పోట్రేస్, అక్షరాలు చదవడానికి జీఓసీఆర్, రసాయన లెక్కలకు ఓపెన్ బేబెల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లను కలుపుకుంది. ఎవరెవరో, ఎక్కడెక్కడో, వేరే అవసరాలకు రాసి అందరికీ వదిలిన కోడ్ లేకపోతే ఓస్రా ఆ రూపంలో వచ్చేదే కాదు.

తర్వాతి తరం దారి మార్చింది. జర్మనీలోని యేనా విశ్వవిద్యాలయంలో క్రిస్టోఫ్ స్టైన్‌బెక్ బృందం డెసిమర్ అనే సాధనాన్ని తయారుచేసింది. నియమాలు రాసి ఇవ్వడానికి బదులు, తెలిసిన అణువుల బొమ్మలను రకరకాల శైలుల్లో కోట్ల సంఖ్యలో గీయించి, బొమ్మ చూసి స్మైల్స్ రాయడం కంప్యూటర్‌కు నేర్పింది. ఆ అణువులు పబ్‌కెమ్ అనే ఉచిత కోశంలోంచి వచ్చాయి. పేజీలోంచి నిర్మాణాలను కత్తిరించి తీసే భాగం కూడా ఇందులో ఉంది. చేత్తో గీసిన బొమ్మలను చదివే దిశగానూ ఆ బృందం కృషి చేసింది. అమెరికాలోని ఎంఐటీ నుంచి 2023లో మోల్‌స్క్రైబ్ వచ్చింది. ఇది ప్రతి పరమాణువు బొమ్మలో ఎక్కడుందో కూడా చెబుతుంది కాబట్టి తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం సులువు. ఈ సాధనాలకు తర్ఫీదు ఇవ్వడానికీ, పరీక్ష పెట్టడానికీ సరైన జవాబులు ఎక్కడి నుంచి వచ్చాయి? 2001 నుంచి అమెరికా పేటెంటు కార్యాలయం పేటెంట్లలోని నిర్మాణాలకు బొమ్మతో పాటు మోల్ ఫైలును కూడా బయటపెడుతూ వచ్చింది. ఒక ప్రభుత్వ కార్యాలయం తన దగ్గరున్న ఫైలును తొక్కిపెట్టకుండా ఇచ్చినందుకు ఒక పరిశోధన రంగమే దాని మీద నిలబడింది. మన దేశంలో ఆ పాత్ర పోషించగల సంస్థ మీదే.

ఇక అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, అన్నిటికన్నా బరువైనది, తప్పుల గురించి. యంత్రం తప్పు చదివితే కోశం నిండా చెత్త చేరదా? చేరుతుంది, జాగ్రత్త లేకపోతే. క్లోరిన్‌లోని చిన్న అక్షరాన్ని అంకెగా పొరబడటం, ఒకదాన్నొకటి దాటే బంధాలను కలిసినట్టు చూడటం, కాగితం నుంచి మన వైపు వచ్చే బంధాన్నీ వెనక్కి పోయే బంధాన్నీ తారుమారు చేయడం ఈ సాధనాలకు తెలిసిన జబ్బులే. చివరిది చిన్న తప్పులా కనిపిస్తుంది కానీ కాదు. క్షయకు వాడే ఇథాంబ్యుటాల్‌లో ఎస్,ఎస్ రూపమే మందు. దాని అద్దంలోని ప్రతిబింబం లాంటి ఆర్,ఆర్ రూపానికి ఆ శక్తి దాదాపు లేదు. కాగితం మీద ఈ రెంటికీ తేడా ఒకటి రెండు గీతలు నిండుగా ఉన్నాయా, చుక్కలుగా ఉన్నాయా అన్నదే. కాబట్టి యంత్రం ఇచ్చిందల్లా నిజమని నమ్మమని నేను అడగడం లేదు. సరిచూసే దారి మన పాత పత్రాల్లోనే ఉందని మాత్రం అంటున్నాను.

ఆ దారి ఇది. వాల్తేరు కాలపు పత్రాల్లో నిర్మాణం ఒక్కటే ఉండదు. పదార్థాన్ని మండించి లెక్కగట్టిన కార్బన్, హైడ్రోజన్ శాతాలూ ఉంటాయి, ఆ ఫార్ములాకు రావలసిన శాతాలూ పక్కనే ఉంటాయి. పత్తి పూలలోని గాసిపెటిన్‌నే తీసుకుందాం. అందులో 15 కార్బన్, 10 హైడ్రోజన్, 8 ఆక్సిజన్ పరమాణువులు. కార్బన్ రావలసింది 56.6 శాతం. యంత్రం ఒక్క ఓహెచ్‌ను చూడకుండా వదిలేస్తే అది క్వెర్సెటిన్ ఫార్ములా అయిపోయి, కార్బన్ 59.6 శాతానికి ఎగబాకుతుంది. పేజీలోని అంకెతో పోల్చగానే దొంగ దొరికిపోతాడు. ఇంకో పెద్ద చిక్కు ఉంది. ఆ కాలపు అచ్చులో బెంజీన్ వలయాన్ని లోపల గీతల్లేకుండా ఉత్త షడ్భుజిగా వేయడం మామూలే. ఇప్పటి అలవాటు ప్రకారం ఉత్త షడ్భుజి అంటే సైక్లోహెక్సేన్. ఇప్పటి బొమ్మలతో నేర్చుకున్న సాధనం ఆ పాత పేజీని చూసి రెండు వలయాలకూ ఆరేసి హైడ్రోజన్లు అదనంగా తగిలిస్తుంది. గాసిపెటిన్‌లో 3.2 శాతం ఉండాల్సిన హైడ్రోజన్ అప్పుడు 6.7 శాతానికి పోతుంది. ఇదీ లెక్కకు చిక్కే తప్పే. అయితే లెక్కకు చిక్కనివీ ఉన్నాయి. ఎనిమిదో స్థానంలోని ఓహెచ్‌ను ఆరో స్థానంలో చూస్తే గాసిపెటిన్ కాస్తా బంతి పూలలో దొరికే క్వెర్సెటాజెటిన్ అవుతుంది, ఫార్ములా మాత్రం అదే. అక్కడ మాటల్లో రాసిన రసాయన నామం అక్కరకొస్తుంది. పేరును నిర్మాణంగా మార్చే ఆప్సిన్ అనే ఓపెన్ సోర్స్ సాధనం కేంబ్రిడ్జ్ నుంచి వచ్చింది. అది పేరు చదివి ఇచ్చినదీ, బొమ్మ చదివి వచ్చినదీ ఒకటే అయితే ముందుకు వెళ్లొచ్చు, కాకపోతే ఆ పేజీ మనిషి చేతికి వెళ్లాలి. పాత పేర్లన్నీ ఆప్సిన్‌కు లొంగవు. అందుకే మనిషి అవసరం పూర్తిగా పోదు, పోవాలని ఎవరూ అనుకోకూడదు. మారేదల్లా మనిషి పని స్వభావం: వెయ్యి బొమ్మలు గీయడానికి బదులు అనుమానం తగిలిన వాటిని మాత్రమే చూడటం.

సాధనం ఓపెన్ సోర్స్ కావాలని ఎందుకు పట్టుబడుతున్నానో పై ఉదాహరణే చెబుతుంది. ఉత్త షడ్భుజిని బెంజీన్‌గా చదవడం మన పాత పత్రాలకు కావాలి, నేటి పేటెంట్లకు అక్కర్లేదు. అలాంటి సవరణను కొనుక్కున్న సాఫ్ట్‌వేర్‌లో మనం చేసుకోలేం. కంపెనీని అడగాలి, దానికి లాభం కనబడాలి. సోర్స్ కోడ్, తర్ఫీదు పద్ధతి చేతిలో ఉంటే ఆ కాలపు శైలిలో బొమ్మలు గీయించి మన సాధనానికి మనమే నేర్పుకోవచ్చు. మొదటి నుంచి తర్ఫీదు ఇవ్వడానికి భారీ కంప్యూటర్లు కావాలన్నది నిజమే. కానీ తయారై ఉన్న నమూనాకు కొత్త శైలి నేర్పడానికి అంత అక్కర్లేదు, వాడుకోవడానికి మామూలు కంప్యూటర్ చాలు. ఇంతకన్నా గట్టి కారణం ఇంకొకటి ఉంది. ఒక కోశంలో తప్పు దొరికినప్పుడు అది ఏ మెట్టులో, ఏ రూపంలోని సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చిందో తేల్చి, అదే తప్పు మిగతా ఎన్ని పేజీల్లో జరిగి ఉంటుందో చెప్పగలగాలి. మూసిన పెట్టెతో ఆ జవాబు దొరకదు.

ఇప్పుడు బొమ్మ చూపిస్తే మాటల్లో జవాబిచ్చే కృత్రిమ మేధ సేవలు వచ్చాయి కదా, ఇదంతా ఎందుకు అని మీ సలహాదారులెవరైనా అనవచ్చు. సరదాగా ఒక బొమ్మ అడిగి చూడటానికి అవి బాగానే ఉంటాయి. ఒక జాతీయ కోశానికి పునాదిగా పనికిరావు. ఇవాళ ఇచ్చిన జవాబే రేపు ఇస్తాయన్న హామీ లేదు, లోపలి నమూనా చెప్పకుండా మారిపోతుంది. పైగా ఇంకా పేటెంటు దాఖలు చేయని అణువును బయటి సర్వర్‌కు పంపడమంటే హైదరాబాద్‌లోని మీ ప్రయోగశాల ఐఐసీటీ లాంటి చోట ఏళ్ల కష్టాన్ని చేజేతులా బయట పెట్టడమే. ప్రయోగశాల గోడల లోపలే, ఇంటర్నెట్ లేకుండా కూడా నడిచే సాధనం ఓపెన్ సోర్స్‌లో ఉంది.

ఇంకో వాదన, డబ్బు కట్టే కోశాలు ఉన్నాయి కాబట్టి చేసిందే చేయడం దండగ అని. అమెరికన్ కెమికల్ సొసైటీ వారి సీఏఎస్ రిజిస్ట్రీ 1965 నుంచి నడుస్తోంది, దాని విస్తృతిని నేను తక్కువ చేయను. పత్రికలకు దేశమంతటికీ ఒకే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదం ఇచ్చింది, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. దాదాపు 13,000 పత్రికలు చదివే వీలు విద్యార్థులకు కలిగింది, అది మంచిదే. కానీ చదివే హక్కు వేరు, సమాచారాన్ని పోగుచేసి పంచే హక్కు వేరు. డబ్బు కట్టిన కోశంలో మన వాల్తేరు అణువు దొరికినా దాన్ని పెద్ద మొత్తంలో తీసి, మన నమూనాలకు తర్ఫీదు ఇచ్చి, ఫలితాన్ని తిరిగి పంచడానికి మామూలుగా ఒప్పందాలు ఒప్పుకోవు. 2005లో అమెరికన్ కెమికల్ సొసైటీ, పబ్‌కెమ్ తన వ్యాపారానికి పోటీ అవుతుందంటూ దాని పరిధి కుదించాలని గట్టిగా ఒత్తిడి తెచ్చింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఆ కోశాన్ని నిలబెట్టుకున్నాయి. అది ఇవాళ 11 కోట్లకు పైగా అణువులతో ప్రపంచానికంతటికీ ఉచితంగా అందుతోంది. డెసిమర్ నేర్చుకున్నది దానితోనే అని పైన చెప్పాను. అప్పుడు వెనక్కి తగ్గి ఉంటే ఇప్పటి ఈ సాధనాలు కూడా ఈ రూపంలో ఉండేవి కావు.

మన జ్ఞానం బయటపెడితే విదేశీ కంపెనీలు ఎత్తుకుపోతాయన్న భయం నిజాయితీ గలదే, పసుపు కథ దాన్ని మన మనసుల్లో నాటింది. గాయాలకు పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మీ సంస్థే సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. ఆ గెలుపు దేనితో వచ్చింది? దాచిన రహస్యంతో కాదు, అప్పటికే అచ్చయిన గ్రంథాలు, పత్రాలు తీసి చూపడంతో. ఆ అనుభవం నుంచే సంప్రదాయ జ్ఞానపు డిజిటల్ గ్రంథాలయం 2001లో మొదలైంది. పసుపు విషయంలో సాక్ష్యం మాటల్లో ఉంది కాబట్టి మాటలతో వెతికి తీశారు. మందుల పేటెంట్లలో హక్కులు అణు నిర్మాణాల చుట్టూ తిరుగుతాయి, పరీక్షించే అధికారి నిర్మాణం గీసి వెతుకుతాడు. మన పత్రం 60 ఏళ్ల కిందటే అదే అణువును బొమ్మగా వేసినా ఆ వెతుకులాటలో అది పైకి రాదు. ఆ అజ్ఞాతం మనకు రక్షణ కాదు, మన మీద ఎవరో వేసుకునే హక్కుకు రక్షణ.

ఇది మీ సంస్థకు కొత్త దారి కూడా కాదు. క్షయ మందుల కోసం 2008లో ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ మొదలుపెట్టింది మీరే. కాలేజీ విద్యార్థులు ఇళ్లలో కూర్చుని క్షయ బ్యాక్టీరియా జన్యువుల సమాచారాన్ని సరిచేయగలరని అప్పుడు నమ్మారు, వాళ్లు చేసి చూపించారు. అనుమానం తగిలిన నిర్మాణాలను సరిచూడటానికి అలాంటి విద్యార్థులు వాల్తేరులో, ఉస్మానియాలో, ప్రతి జిల్లా పీజీ కాలేజీలో ఉన్నారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా ఇచ్చినా చాలు: అణువును చదవడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం ఉండదు.

నేను కోరేది ఒక్కసారిగా అన్నీ చేయమని కాదు. మీ జర్నల్ తొలి సంపుటాల్లో ఒకదాన్ని తీసుకుని, ఓస్రా, డెసిమర్, మోల్‌స్క్రైబ్ మూడింటితోనూ చదివించండి. మనుషుల చేత ప్రతి నిర్మాణాన్నీ సరిచూపించి, బొమ్మను, సరైన మోల్ ఫైలును, ఏ సాధనం ఎక్కడ తప్పిందన్న వివరాన్ని కలిపి ప్రచురించండి. ఏ సాధనం మన పాత అచ్చుకు ఎంతవరకు పనికొస్తుందో అప్పుడు ఊహ కాకుండా లెక్క తెలుస్తుంది, బయటి బృందాలు కూడా ఆ పరీక్ష మీద తమ సాధనాలను మెరుగుపరుస్తాయి. దానితో పాటే ఇంకో పని ఖర్చు లేకుండా ఈ ఏడాదే చేయవచ్చు. ఇవాళ పత్రం పంపే ప్రతి రచయిత దగ్గరా నిర్మాణం కంప్యూటర్ ఫైలుగానే ఉంటుంది. దాన్ని బొమ్మగా మార్చి పంపమని అడిగి, ముప్పై ఏళ్ల తర్వాత ఆ బొమ్మను మళ్లీ ఫైలుగా మార్చడానికి తంటాలు పడటం న్యాయం కాదు. మీ పత్రికల రచయితలకిచ్చే సూచనల్లో ఒక్క వాక్యం చేర్చండి: ప్రతి కొత్త అణువుకూ మోల్ ఫైలు, స్మైల్స్ జత చేయనిదే పత్రం స్వీకరించబోమని. మీ ప్రయోగశాలల్లోని పీహెచ్‌డీ గ్రంథాలకూ అదే నియమం పెట్టండి.

మీ నిర్ణయాన్ని బహిరంగంగానే తెలియజేస్తారని ఆశిస్తూ,

భవదీయుడు,
ఒక తెలుగు పాఠకుడు